ఉబ్బసపు బిడ్డలు – బడిలో మన బాధ్యత

(సంఘ సభయందు చదివిన ఉపన్యాస పాఠము)



బడుల ప్రసంగము వచ్చినప్పుడెల్ల తెలుగు వాచకములను గూర్చియు, తెలుగు ఉపాధ్యాయులను గూర్చియు మనము ముచ్చటించుకొందుము. అవి ముఖ్యములే. కాని ఊపిరాడని బిడ్డకు ఏ భాషలో చెప్పిన చదువును తలకెక్కదు. కావున నేడు ఉబ్బసమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

ఊపిరితిత్తులలోని సన్నని గాలిగొట్టములు లోపల వాచి, చుట్టునున్న కండరములు బిగిసి, గాలిత్రోవ ఇరుకగుటయే ఉబ్బసము. ఇది అంటువ్యాధి కాదు. పుప్పొడి, దుమ్ము, పొగ, జలుబు, చల్లగాలి దీనిని రేపును. 1950 దశకమున పూనాలో కనుగొనబడి, నేడు దేశమంతట వ్యాపించిన వయ్యారిభామ మొక్క వానల పిదప బడి ఆవరణలందు విరివిగా పూయును. పూతకు ముందే దానిని చేతితొడుగులు ధరించిన పెద్దలు వేళ్లతో పెరికివేయవలెను. ఆ పని పిల్లలచే చేయింపరాదు. పిల్లలు లోపల నుండగా తరగతిగది ఊడ్వరాదు. సుద్దపలకను తడిగుడ్డతో తుడువవలెను. ఈ కోరికలను బడిపెద్దలకు మనమే విన్నవింపవలెను.

మనకొక ప్రత్యేకమైన చిక్కు కలదు. ఇంట తెలుగు పలుకు పసివాడు ఆయాసము వచ్చిన వేళ గురువుగారికి ఏ మాటతో చెప్పుకొనును? కన్నడసీమలో “ఉసిరాడలు ఆగుత్తిల్ల” అనియు, తమిళసీమలో “మూచ్చు విడ ముడియవిల్లై” అనియు చెప్పుట ముందుగనే నేర్పవలెను. యానామువారికి ఈ చిక్కు లేదు. అచట ఊరిభాష తెలుగే.

వైద్యునిచే వ్రాయించిన సూచనాపత్రమును ఊరిభాషలోనికి మార్చి తరగతి ఉపాధ్యాయునికి ఈయవలెను. సాల్బుటమాల్ పీల్పుమందు తాళము వేసిన బీరువాలో గాక, బిడ్డకు చేరువలో నుండవలెను. ఆయాసము వచ్చినచో బిడ్డను పరుండబెట్టరాదు; నిటారుగా కూర్చుండబెట్టి, స్పేసరు గొట్టము ద్వారా పత్రములో వ్రాసినట్లు మందు పీల్పింపవలెను. ఒంటరిగా విడువరాదు. మాట పూర్తి చేయలేకున్నను, పెదవులు నీలివర్ణమైనను, ప్రక్కటెముకలు లోనికి లాగుకొనుచున్నను, మందుకు లొంగకున్నను వెంటనే 108కి ఫోను చేయవలెను.

ఇన్‌హేలరు అలవాటుపడునని మన యిండ్లలో భయము. అది నిరాధారము. పీల్చిన మందు నేరుగా గాలిగొట్టములకు చేరును గనుక కొద్ది మోతాదే చాలును. వాపు తగ్గించుటకై ప్రతిదినము పీల్పుమని వైద్యుడు చెప్పిన మందును, బిడ్డ కులాసాగా నున్నాడని మానరాదు. మృగశిర కార్తెకు చేపమందుకై హైదరాబాదు పోవువారు మనలో కలరు. దాని గుణము శాస్త్రపరీక్షలలో రుజువు కాలేదు. నమ్మికతో పోవువారైనను వైద్యుడిచ్చిన మందును మాత్రము ఆపవలదని ప్రార్థించుచున్నాము.

ఆటలనుండి ఇట్టి బిడ్డను తొలగింపరాదు. వ్యాధి అదుపులో నున్నచో అందరితో పాటు పరుగిడగలడు. ఆడపిల్ల యైనచో ఈ వ్యాధిని దాచు ఇండ్లు ఇంకను కలవు. దాచిన యింటి బిడ్డకు బడిలో సాయము చేయువా రుండరు. కావున దాచవలదు, చెప్పుడు. పరాయిసీమలో తరతరములుగా ఒకరికొకరము తోడై బ్రతికిన మనకు ఈ తోడు భారము కాదు.