మరీన్ గది, నెల్లా బీరువా



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ప్రసంగానికి తెలుగు పుస్తకాన్నే ఎంచుకోవాలన్న నియమం లేదని నిర్వాహకులు ముందే చెప్పారు. ఆ వెసులుబాటు చూసుకుని ఒక ఇంగ్లీషు నవలను మీ ముందుకు తెచ్చాను. జెస్సీ బర్టన్ రాసిన ‘ది మినియేచరిస్ట్’. 2014లో వచ్చింది. ఆమెకు అదే తొలి నవల. పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. 2017లో బీబీసీ దాన్ని సీరియల్‌గా తీసింది. ఇంతగా అమ్ముడుపోయిన పుస్తకమంటే మనలో చాలామందికి చిన్నచూపు. ఈ గంటసేపు ఆ చిన్నచూపును పక్కన పెట్టమని మనవి. కథంతా చెప్పేస్తున్నానని కూడా నొచ్చుకోకండి. చెప్పకుండా ఈ నవల గురించి మాట్లాడటం కుదరదు.

కథ 1686 అక్టోబరు నుంచి 1687 జనవరి దాకా ఆమ్‌స్టర్‌డామ్‌లో నడుస్తుంది. నెల్లా ఓర్ట్‌మన్‌కి పద్దెనిమిదేళ్ళు. అసెండెల్ఫ్ట్ అనే పల్లె నుంచి, చితికిపోయిన కుటుంబం నుంచి, కాలువ ఒడ్డున ఉన్న పెద్ద మేడకు కాపురానికి వస్తుంది. ఎదురొచ్చి పలకరించాల్సిన మొగుడు ఇంట్లో లేడు. ఆడపడుచు మరీన్ ఉంది. పనిమనిషి కొర్నీలియా ఉంది. ఒకనాడు ఆఫ్రికాలోని దహోమీ నుంచి బానిసగా వచ్చిన ఒట్టో ఉన్నాడు. భర్త యోహానెస్ బ్రాంట్ పేరుమోసిన వర్తకుడు. భార్య గదివైపు రాడు గానీ పెళ్ళికానుకగా ఒక బీరువా తెప్పిస్తాడు. తలుపులు తీస్తే లోపల తాము ఉంటున్న ఇల్లే, చిన్నగా, గది గదిగా కనిపిస్తుంది. నెల్లాకి ఒళ్ళు మండుతుంది. ఇల్లు నడపాల్సిన దాన్ని బొమ్మలతో ఆడుకోమంటారా అని.

అయినా ఒక సూక్ష్మశిల్పికి ఉత్తరం రాసి మూడు వస్తువులు పురమాయిస్తుంది. తీగలున్న చిన్న వీణలాంటి వాద్యం, నిశ్చితార్థపు పాత్ర, బాదం మిఠాయి పెట్టె. మరీన్ తీపిని ఇంట్లోకి రానివ్వదు కాబట్టి ఆ మూడోది ఆడపడుచు మీద కోడలి అక్కసు. మూడూ వస్తాయి. వాటితోపాటు అడగనివి కూడా వస్తాయి. ముందుగదిలోని కుర్చీలు, చెక్కుడు పనితో సహా. యోహానెస్ పెంచుకునే వేటకుక్కలు రెండూ. ఒక ఉయ్యాల. పిల్లల్లేని ఇంటికి, భర్త తాకని పెళ్ళాం ఉన్న ఇంటికి ఉయ్యాల ఎందుకు? నెల్లా దాన్ని తనకు తగిలించిన ఎకసెక్కెం అనుకుంటుంది. కొన్నాళ్ళకు గానీ ఆ ఉయ్యాల తనది కాదని తెలియదు.

ఇక్కడ కాసేపు ఆగాలి. విమర్శకులు ఈ నవలను నెల్లా కథగానే చదివారు. నా లెక్కలో ఈ పుస్తకానికి వెన్నెముక మరీన్. పెళ్ళి వద్దనుకున్న మనిషి. అరుదుగా గడప దాటుతుంది. అన్న వ్యాపారపు లెక్కలు ఆమె చేతిలోనే ఉన్నాయి. చక్కెర ఎప్పుడు అమ్మాలో, ఎవరికి అమ్మాలో అన్నకంటే ఆమెకే బాగా తెలుసు. బల్ల మీదికి హెర్రింగ్ చేప తప్ప మరొకటి రానివ్వదు, కొవ్వొత్తి కూడా లెక్కచూసి వెలిగిస్తుంది. చూసేవాళ్ళకు సన్యాసిని. కానీ ఆమె వేసుకునే నల్లటి గౌనుకు లోపలి వైపు ఖరీదైన సేబుల్ బొచ్చు కుట్టి ఉంటుంది. బయటికి మోటుబట్ట, ఒంటికి తగిలేది మెత్తటి బొచ్చు. ఆమె గదిలోకి నెల్లా ఒకసారి దొంగతనంగా వెళ్తుంది. గోడలనిండా ఓడదారుల పటాలు, ఈకలు, గవ్వలు, గింజలు. గడప దాటని మనిషి లోకాన్నంతా గదిలోకి తెచ్చి పెట్టుకుంది. బీరువా నెల్లాకి ఏమిటో, ఆ గది మరీన్‌కి అదే. రచయిత్రి ఈ పోలికను ఎక్కడా నోరు తెరిచి చెప్పలేదు. ఆ సంయమనానికి నేను ఆమెకు దండం పెడతాను.

ఉయ్యాల మరీన్‌ది. పెళ్ళికాని మరీన్ గర్భవతి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకముందే ఊళ్ళో ఎక్కడో కూర్చున్న శిల్పికి తెలుసు. చక్కెర వర్తకుడి భార్య ఆగ్నెస్ బొమ్మ చేతిలోని చక్కెర దిమ్మ కొన నల్లబడి ఉంటుంది. గోదాములో సురినామ్ చక్కెర చెమ్మపట్టి పాడవుతోందని నెల్లా తర్వాత కళ్ళారా చూస్తుంది. కుక్కబొమ్మ తలమీద ఎర్రటి మరక ఉంటుంది. అసలు కుక్క తలకు కత్తిపోటు తగిలే చస్తుంది. ఆ మరక మొదటి నుంచీ ఉందా, తర్వాత వచ్చిందా? నెల్లాకి గుర్తుకురాదు. నవలలోని మాయంతా ఈ గుర్తుకురాకపోవడంలోనే ఉంది. బొమ్మ జోస్యం చెప్పిందా, లేక తను సరిగా చూడలేదా అన్నది ఆమె తేల్చుకోలేదు. మనమూ తేల్చుకోలేం.

ఈ పుస్తకం మీద పాఠకుల ఫిర్యాదు కూడా ఇదే. శిల్పి ఎవరో లీలగా చెప్పారు, ఆమెకు అన్నీ ఎలా తెలిశాయో చెప్పలేదు అని. చివర్లో ఆమె తండ్రి వచ్చి నాలుగు మాటలు చెబుతాడు గానీ ముడి విప్పడు. మనం కాశీమజిలీ కథల మీద పెరిగినవాళ్ళం. దారిలో గోపడికి ఏ వింత కనబడినా మణిసిద్ధుడు మణిలో చూసి దాని పూర్వకథ మొదలంటా చెప్పేస్తాడు. చెప్పకపోతే గోపడు అడుగు కదపడు. ఆ పద్ధతి గొప్పదే. దాన్ని ఈ నవల మీద రుద్దితే మాత్రం చెడుతుంది. ఇరుగుపొరుగు ఒకరిమీద ఒకరు నిఘావేసే ఊరు అది. మనిషి ఆకారంలో చేసిన అల్లం రొట్టెల్ని కూడా నగరాధికారులు నిషేధించిన ఊరు. అలాంటిచోట ఓ ఆడమనిషి అందరినీ నిదానంగా, పగ లేకుండా చూస్తూ కూర్చుంది. చూసిందల్లా చెక్కింది. ఇంతకుమించి వివరణ ఇస్తే ఆమె మంత్రగత్తె అయినా కావాలి, గూఢచారి అయినా కావాలి. రెండూ చౌకబారు సమాధానాలే.

అసలు బీరువా ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. దాన్ని చూశాకే బర్టన్‌కి ఈ కథ తట్టింది. రెండున్నర మీటర్ల ఎత్తు, తాబేటిచిప్ప తాపడం, తొమ్మిది గదులు. చేయించుకున్న ఆవిడ పేరు పెట్రొనెల్లా ఓర్ట్‌మన్. 1686లో యోహానెస్ బ్రాంట్ అనే పట్టువర్తకుణ్ణి పెళ్ళాడింది. ఆ పేర్లనే నవల వాడుకుంది. కథ మాత్రం పూర్తిగా కల్పన. నవలలో యోహానెస్ మగవాణ్ణి ప్రేమించాడన్న నేరానికి మెడకు తిరగలిరాయి కట్టించుకుని సముద్రం పాలవుతాడు. అసలు బ్రాంట్‌కి అలాంటి గతి పట్టలేదు. ఆ బీరువా పిల్లల ఆటకోసం చేసింది కాదు. ఇంటికొచ్చిన పెద్దమనుషులకు చూపించుకునేది. పింగాణీ గిన్నెలు చైనా నుంచి వచ్చాయి. మొత్తం మీద ఇరవై, ముప్ఫై వేల గిల్డర్ల దాకా అయిందంటారు. ఆ డబ్బుతో కాలువ ఒడ్డున నిజం ఇల్లే కొనుక్కోవచ్చు. 1710 ప్రాంతంలో యాకబ్ అపెల్ అనే చిత్రకారుడు ఆ బీరువాను బొమ్మగీశాడు. అందులో గదుల్లో మనుషుల బొమ్మలు కనిపిస్తాయి. ఇవాళ ఆ మనుషులు దాదాపుగా లేరు, సామాను మిగిలింది.

నిజం ఇంటి ఖరీదు పెట్టి బొమ్మరిల్లు ఎందుకు? డబ్బు మదం అని కొట్టిపారేయొచ్చు. కానీ పెళ్ళయిన ఆడదాని ఆస్తి మీద పెత్తనం మొగుడిదే అయిన రోజులవి. ఏ గదిలో ఏముండాలో తనే నిర్ణయించే ఇల్లు ఆమెకు ఇదొక్కటే అయి ఉండొచ్చునని నా ఊహ.

ఆ డబ్బు గురించి మనకు సంబంధించిన మాట ఒకటి. నవలలో యోహానెస్ వ్యాపారం చేసే డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. పుట్టిన కొద్దేళ్ళకే మచిలీపట్నంలో దిగింది. మన తీరపు నేత, అద్దకం బట్టలు ఆ ఓడల్లో వెళ్ళాయి. నవల ముగిసే 1687 జనవరిలోనే ఔరంగజేబు గోల్కొండను ముట్టడించాడు. ఆ కాలువ ఒడ్డు మేడల వైభవంలో మన సాలెల చెమట కొంత, సురినామ్ చెరకుతోటల్లో బానిసల నెత్తురు కొంత ఉంది. బర్టన్ చక్కెర గురించి, ఒట్టో గురించి రాసింది. బట్టల గురించి ఇంకాస్త రాయాల్సింది.

లోపాలు లేవనను. చివరి వంద పుటల్లో విచారణ, మరణశిక్ష, పురుడు, చావు ఒకదానిమీద ఒకటి పడతాయి, ఊపిరి పీల్చుకోనివ్వవు. పదిహేడో శతాబ్దపు పిల్ల నెల్లా అప్పుడప్పుడు మన కాలపు పిల్లలా ఆలోచిస్తుంది. అయినా బిడ్డను కని మరీన్ చనిపోయాక ఆ ఇంటి భారం నెల్లా మీద పడే ఘట్టం నమ్మించేలా ఉంది. ఆ బిడ్డ పేరు థియా. ఆమె పెద్దయ్యాక కథను బర్టన్ 2022లో ‘ది హౌస్ ఆఫ్ ఫార్చ్యూన్’ పేరుతో రాసింది. మొదటిదాని ముందు అది తేలిపోయింది.

ఇక్కడున్న విద్యార్థులకు ఒక్క మాట. ‘ది మినియేచరిస్ట్’ను ఒకసారి కథకోసం చదవండి. రెండోసారి నెల్లాను వదిలేసి మరీన్ ఎక్కడెక్కడ మాట్లాడిందో, ఎక్కడ మాట్లాడకుండా ఊరుకుందో మాత్రమే చూస్తూ చదవండి.