పురుటికి ముహూర్తం



మొన్న మా పక్కింటావిడ పంచాంగం చేత పట్టుకుని వచ్చింది. "వదినగారూ, మీ కళ్ళజోడు ఒకసారి ఇస్తారా, ఈ అక్షరాలు ఆనడం లేదు" అంది. పెళ్ళా, గృహప్రవేశమా అని అడిగాను. రెండూ కాదట. కూతురి పురుటికట! సిద్ధాంతిగారు మూడు లగ్నాలు రాసిచ్చారు. అందులో మొదటిది తెల్లవారుజామున 4 గంటల 40 నిమిషాలకు. ఆ వేళకి మత్తుమందు డాక్టరు వస్తాడో రాడో, రెండోది ఖాయం చేద్దామా అని ఆవిడ ఆలోచన. అమ్మాయికి అప్పటికి 37వ వారం. బిడ్డ తల కిందికే వుంది. బి.పి. లేదు, షుగరు లేదు. నొప్పుల జాడే లేదు.

ఆ అమ్మాయి కూడా తల్లి వెంట వచ్చి మా సోఫాలో కూర్చుంది. ఏ లగ్నం బాగుంటుందో వియ్యపురాలిని ఫోనులో అడిగారు. అల్లుణ్ణి అడిగారు. చివరికి నన్నూ అడిగారు. ఆ పిల్లను మాత్రం ఎవరూ అడగలేదు.

ఇదేదో ఒక్క ఇంటి ముచ్చటైతే మీ ముందు పెట్టేదాన్ని కాను. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశం మొత్తం మీద నూటికి 21 కాన్పులు ఆపరేషనుతో అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 42, తెలంగాణలో 60 అలా అయ్యాయి. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రులు మాత్రమే లెక్కలోకి తీసుకుంటే నూటికి 80 పైచిలుకే. ఇంతమంది ఆడపిల్లలకి ఒక్కసారిగా కనే శక్తి పోయిందంటే నమ్మగలమా?

పాతకాలమే బంగారమని చెప్పడానికి నేను రాలేదండి. మా అమ్మమ్మ కాలంలో మంత్రసాని వచ్చేది. పురిటిగది గుమ్మం దగ్గర కూర్చుని, వేణ్ణీళ్ళు కాచమని, నడుము నిమరమని, ధైర్యం చెబుతూ రెండు రాత్రులైనా కదిలేది కాదు. బియ్యమో, చీరో పుచ్చుకుని వెళ్ళేది. ఆమెకున్న గొప్ప విద్య ఓర్పు. కాని బిడ్డ అడ్డం తిరిగితే ఆమె చేతిలో ఏముంది? బొడ్డు కోసిన కత్తివల్ల ధనుర్వాతం వచ్చి ఎందరు పసికందులు పోయారో, సూతికాజ్వరంతో ఎందరు తల్లులు పోయారో మన ముసలమ్మల్ని అడగండి. ఆపరేషను వచ్చి అటువంటి ప్రాణాలు నిలబెట్టింది. ఆ మేలు మరిచిపోతే కృతఘ్నతే.

చిక్కల్లా ఎక్కడ వచ్చిందంటే, అది అంత సులువైపోవడంతో. ఆపదలో వాడవలసిన కత్తి, మన వీలును బట్టి వాడేదిగా మారింది. డాక్టరమ్మ వృత్తి కూడా మారింది. నొప్పులు పడుతున్న మనిషి పక్కన పన్నెండు గంటలు కనిపెట్టుకుని వుండడానికి ఫీజు తక్కువ, ముప్పావుగంట ఆపరేషనుకి ఎక్కువ. అదొక్కటే అంటే అన్యాయం. 1995లో సుప్రీంకోర్టు తీర్పుతో వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. తప్పు జరిగితే అడిగే హక్కు మనకి వచ్చింది, మంచిదే. దానితోపాటు డాక్టర్లకి భయమూ వచ్చింది. "ఎందుకు కోశావు" అని నిలదీసేవాళ్ళు తక్కువ, "ఎందుకు ఆగావు" అని అద్దాలు బద్దలు కొట్టేవాళ్ళు ఎక్కువ. ఇక బిడ్డ గుండె చప్పుడును కాగితం మీద గీసే యంత్రం వుంది కదా, ఏ ఇబ్బందీ లేని కాన్పుల్లో దాన్ని గంటల తరబడి తగిలించి వుంచితే ఆపరేషన్లు పెరుగుతాయే గాని బిడ్డల మరణాలు తగ్గవని పరిశోధనలు తేల్చాయి. గీత కొంచెం వంకర పోతే చాలు, ఆగే ధైర్యం ఎవరికుంటుంది?

ముహూర్తం పెట్టించే అమ్మమ్మలకీ నానమ్మలకీ ఒక సంగతి చెప్పాలి. నొప్పులు మొదలైనప్పుడు బిడ్డ ఊపిరితిత్తుల్లోని నీరు ఇంకిపోవడం మొదలవుతుంది. 39 వారాలు నిండకుండా, నొప్పులు రాకుండా తీస్తే ఆయాసంతో అద్దాల పెట్టెలో పెట్టవలసి రావచ్చు. నెలలు నిండాక తీసిన స్కానింగులో చెప్పే తేదీ రెండు మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు కూడా. మనం 37 అనుకున్నది 35 అయితే? తల్లి సంగతి సరేసరి. గర్భసంచి మీద కుట్టు మిగిలిపోతుంది. తరవాతి కాన్పులో మాయ ఆ కుట్టుకే అతుక్కుపోతే రక్తం ఆగక గర్భసంచే తీసెయ్యవలసి వస్తుంది. కోతలు పెరిగే కొద్దీ ఆ ప్రమాదమూ పెరుగుతుంది.

ఇంకొక మాట. జాతకమంటే పుట్టిన ఘడియను బట్టి రాసేది. ఘడియ మనమే ఎంచి పెడితే అది బిడ్డ జాతకమా, మన కోరికల చిట్టానా? సిద్ధాంతిగారే చెప్పాలి.

ఎక్కువ కోస్తే ఎక్కువమంది బతుకుతారనే వాదన వుంది. 2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకి తెలంగాణలో 43 మంది తల్లులు పోతే, కేరళలో 19 మంది పోయారు. ఆపరేషన్లు కేరళలో నూటికి 39 లోపే. ఓర్పు అనే విద్యను మళ్ళీ నేర్పాలనే, 2018లో కేంద్ర ప్రభుత్వం నర్సులకి పద్ధెనిమిది నెలల మంత్రసాని శిక్షణ ఇవ్వాలని నిర్ణయించింది. మంత్రసాని తెల్లకోటు వేసుకుని తిరిగి వస్తోందన్నమాట!

మళ్ళీ మా సోఫాలోని అమ్మాయి దగ్గరికి వస్తాను. 2008లో సుప్రీంకోర్టు ముందుకి ఒక కేసు వచ్చింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన ఒకావిడకి, బయట కూర్చున్న తల్లిని అడిగి, గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయమేమీ లేనప్పుడు, ఈడు వచ్చిన స్త్రీ శరీరం గురించి ఆవిడే ఒప్పుకోవాలి, తల్లి ఒప్పుకుంటే చెల్లదు అని కోర్టు చెప్పింది. కన్నతల్లికే లేని హక్కు పంచాంగానికి ఎక్కడిది?

పక్కింటావిడ మర్నాడు కూతుర్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది, నన్నూ తోడు రమ్మంది. డాక్టరమ్మ లగ్నాల కాగితం చూసి పక్కన పెట్టి, "మీరిద్దరూ కాస్త బయట కూర్చోండమ్మా, నేను అమ్మాయితో మాట్లాడాలి" అంది. పావుగంట కూర్చున్నాం. పక్కింటావిడ ఒక్క మాటా మాట్లాడలేదు. అమ్మాయి బయటికి వచ్చి, "నొప్పులు వచ్చేదాకా ఆగుతానమ్మా. అవసరమైతే అప్పుడు కోయించుకుంటాను, నాకేం భయం లేదు" అంది. ఆ పిల్ల గొంతు నేను సరిగా వినడం అదే మొదలు.

దారి పొడుగునా తల్లి మూతి ముడుచుకునే వుంది. "మంచి లగ్నం పోయింది వదినగారూ" అని రెండుసార్లు అంది. నేనేం మాట్లాడలేదు. నా కూతుళ్ళ వేళ నేను మాత్రం వాళ్ళని అడిగానా?

ఇవాళ్టికి ఆ అమ్మాయికి 39 వారాలు నిండి రెండు రోజులు. పంచాంగం ఇంకా మా బల్ల మీదే వుంది. ఆవిడ తిరిగి అడగలేదు.