నలుగురితో కలిసి నాలుగు తీగలు



ఈరోజు మందుల గురించి కాకుండా ఒంటరితనం గురించి కొన్ని మాటలు చెప్పదలచాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి 6 మందిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏటా 8,71,000కు పైగా మరణాలకు దీనితో సంబంధం ఉందని అంచనా. గుండెజబ్బు, పక్షవాతం, షుగరు, మానసిక కుంగుబాటు ముప్పు కూడా ఒంటరివారికి ఎక్కువ. ఈ సమస్యను చూసేందుకు బ్రిటన్ 2018లో ఒక మంత్రికి ప్రత్యేకంగా బాధ్యత అప్పగించింది.

అదే బ్రిటన్‌లో సామాన్య ప్రజలు తమంతట తాము కనుగొన్న ఒక మార్గం ఉంది. అదే యుకులేలె క్లబ్బు. యుకులేలె అంటే గిటారు లాంటి చిన్న వాయిద్యం. తీగలు నాలుగే. 1879లో పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుండి చెరకు తోటల్లో పనికి హవాయి దీవులకు వలస వెళ్లినవారు తమ వెంట ఒక చిన్న వాయిద్యాన్ని తీసుకువెళ్లారు. మన తెలుగువారు మారిషస్, ఫిజీ వెళ్లినట్టే వారూ పొట్టకూటికే వెళ్లారు. ఆ వాయిద్యమే అక్కడ యుకులేలె అయింది.

1985లో లండన్‌లో మొదలైన ‘యుకులేలె ఆర్కెస్ట్రా ఆఫ్ గ్రేట్ బ్రిటన్’ బృందం 2009లో రాయల్ ఆల్బర్ట్ హాలులో కచేరీ చేసింది. అప్పుడు ప్రేక్షకులు కూడా తమ యుకులేలెలు తెచ్చుకొని కలిసి వాయించారు. వినడానికి వచ్చినవాడు కూడా వాయించవచ్చు! ఊరి క్లబ్బుల్లో కనిపించేది కూడా ఇదే.

ఈ క్లబ్బులో చేరడానికి సంగీత జ్ఞానం అవసరం లేదు. వారానికొకసారి ఏదో ఒక హాలులో కూడతారు. పాట మాటల పైన ఏ తీగ ఎక్కడ నొక్కాలో గుర్తులు వేసిన కాగితం అందరికీ ఇస్తారు. ఒక్క వేలితో నొక్కితే పలికే స్వరాలు ఉన్నాయి కాబట్టి కొత్తవారు మొదటిరోజే నలుగురితో కలిసి వాయించగలరు. తప్పు వాయించినా పదిమంది శబ్దంలో అది కలిసిపోతుంది.

మరి ప్రజల ముందు వాయించడం ఎందుకు? కార్యక్రమం తేదీ ఖరారైతే సాధన చేయడానికి, ఇల్లు కదలడానికి ఒక కారణం దొరుకుతుంది. రాకపోతే “ఏమైంది? ఒంట్లో బాగుందా?” అని అడిగేవారు ఉంటారు. వృద్ధాశ్రమంలో పాత పాట వాయిస్తే, మాట్లాడడం తగ్గించిన వారు కూడా పెదవులు కదుపుతారు. నిన్నటిదాకా ఇతరుల సహాయం పొందినవాడు ఆరోజు సహాయం చేసేవాడవుతాడు. అంతకు మించిన టానిక్ ఏముంది?

అయితే పాట మందుకు ప్రత్యామ్నాయం కాదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కార్యాలయం 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించి, కళలు ఆరోగ్యానికి తోడ్పడతాయని తెలిపింది. తోడ్పడతాయి అంతే. బి.పి., షుగరు మాత్రలు మానరాదు.

కొన్ని జాగ్రత్తలు:

1. కీళ్లవాతం ఉన్నవారు 10 నిమిషాలకొకసారి వేళ్లకు విశ్రాంతి ఇవ్వాలి. నొప్పి పెరిగితే ఆపాలి.

2. షుగరు వల్ల వేళ్లకు స్పర్శ తగ్గినవారు వాయించిన తరువాత వేళ్ల కొనలను చూసుకోవాలి.

3. దగ్గు, జ్వరం ఉన్నరోజు వృద్ధాశ్రమానికి, ఆసుపత్రికి వాయించడానికి వెళ్లరాదు.

4. వేదిక ఎక్కేముందు గుండె దడ, నోరు ఎండిపోవడం సహజం. నెమ్మదిగా ఊపిరి వదలండి. వెనుక వరుసలో కూర్చోండి. కానీ ఛాతీలో బిగింపు, చల్లని చెమట, ఆయాసం, చేతికి లేదా దవడకు పాకే నొప్పి ఉంటే “సభాభయమే” అని సర్దుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

మన ఊళ్లో యుకులేలె దొరకకపోవచ్చు. ఫరవాలేదు. భజన, కోలాటం, హార్మోనియం, డప్పు మనకు ఉన్నాయి. కావలసింది వాయిద్యం కాదు, వారం వారం కలిసే అలవాటు. మీ వీధిలో భర్తను పోగొట్టుకున్న పిన్నిగారో, పిల్లలు దూరదేశంలో ఉన్న మాస్టారుగారో ఉండే ఉంటారు. ఈ వారమే వెళ్లి పిలవండి. “వచ్చి వినండి” అనకండి. “మీరు తాళం వేయాలి, మీరు లేకపోతే కుదరదు” అనండి. ఆ మాట వారిని గడప దాటిస్తుంది.