చెత్తలోని చమురు
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమున చిరిగిన పుస్తకమును ఎవ్వరును పారవేయరు. దానికి కొత్త అట్ట కట్టించి మరల పాఠకుని చేతికిత్తురు. ఒకసారి వాడి పారవేసిన ప్లాస్టిక్కు సంచికి అట్టి రెండవ జన్మము కలదా? కలదనియే శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. దానినుండి డీజిలువంటి నూనెను, వంటగ్యాసువంటి వాయువును తీయుచున్నారు. కాని ఈ పని కర్మాగారములో గాక ప్రతి గృహస్థుని వాకిటనే ఆరంభమగుచున్నది. ఆ సంగతి గ్రహింపనిచో ఎంత గొప్ప యంత్రమైనను నిష్ప్రయోజనమే.

ముందుగా ప్లాస్టిక్కు పుట్టుక తెలిసికొనవలెను. పెట్రోలు, కిరసనాయిలు ఏ భూగర్భ తైలమునుండి వచ్చుచున్నవో, ఆ తైలమునుండియు సహజ వాయువునుండియు ప్లాస్టిక్కు కూడ తయారగుచున్నది. సంచులకు వాడు పాలిథీనును 1933లో ఇంగ్లండునందు ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ అను సంస్థకు చెందిన రసాయన శాస్త్రజ్ఞులు వేరొక ప్రయోగము చేయుచు అనుకోకుండ కనుగొనిరి. కర్బన పరమాణువులు వేలకొలదిగా పూసలవలె గుచ్చబడి, వానికి ఉదజని పరమాణువులు అంటుకొనియున్న పొడవైన దండయే పాలిథీను. డీజిలు కూడ అట్టి దండయే; కాని అందు పూసలు సుమారు పది మొదలు ఇరువది వరకే యుండును. వంటగ్యాసులో మూడు, నాలుగు మాత్రమే. కావున పొడవైన దండను తెంచినచో నూనె, ఇంకను తెంచినచో వాయువు లభించును.

దండను తెంచు సాధనము వేడిమి. అయితే గాలి తగులరాదు. బొగ్గుల బట్టీ పెట్టువారు ఈ కిటుకు ఎరుగుదురు. కట్టెలను పేర్చి, పైన మట్టి కప్పి, గాలి చాలినంత చొరకుండ కాల్చినచో బొగ్గు మిగులును. ఆరుబయట కాల్చినచో బూడిదయే మిగులును. ప్లాస్టిక్కు విషయమును ఇట్టిదే. ఏరి, కడిగి, ఆరబెట్టిన తునకలను గాలి చొరని ఇనుప పాత్రలో సుమారు 350 మొదలు 500 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడిచేయుదురు. అవి కరిగి ఆవిరియగును. పన్నీరు దించువారి పద్ధతిగా ఆ ఆవిరిని చల్లని గొట్టములగుండ పంపినచో నూనెగా దిగును. చల్లార్చినను ద్రవముగా మారని మీథేను, ఈథేను, ప్రొపేను, బ్యూటేను మొదలగునవి వాయురూపముననే నిలుచును. ఆ వాయువును వృథా పోనీక పాత్ర క్రింది పొయ్యికే మళ్లింతురు. అడుగున కొంత నల్లని బొగ్గుపొడి మిగులును. ఈ ప్రక్రియకు పైరాలసిస్ అని పేరు; తెలుగున ఉష్ణవిచ్ఛేదనము అనవచ్చును.

ఇది పుస్తకములలోని మాట మాత్రమే కాదు. 2019 ఆగస్టులో డెహ్రాడూనునందలి భారత పెట్రోలియం సంస్థలో, రోజుకు ఒక టన్ను ప్లాస్టిక్కునుండి 800 లీటర్ల డీజిలు తీయుటకై ఒక యంత్రాగారము ప్రారంభింపబడెను. ఆ సంవత్సరముననే హైదరాబాదునందు ఆచార్య సతీశ్ కుమార్ అను ఇంజనీరు 500 కిలోల ప్లాస్టిక్కునుండి సుమారు 400 లీటర్ల ఇంధనము తీయుచున్నట్లు పత్రికలు ప్రకటించెను. ఉత్తర భారతమున గాని, దక్కనున గాని లెక్క ఒక్కటిగనే యున్నది: కిలోకు ముప్పాతిక లీటరుకు పైగా.

అయితే అన్ని ప్లాస్టిక్కులును ఈ పాత్రకు తగవు. పాలసంచులు, పలుచని కవర్లు, థర్మోకోలు తగినవి. నీళ్లసీసాల పదార్థమున ప్రాణవాయువు కలిసియుండుటచే నూనె సరిగా రాదు. వానిని పాతసామాను వ్యాపారికి ఇచ్చి తిరిగి కరిగింపజేయుటయే మేలు. పి.వి.సి. గొట్టములలో సగము బరువునకు మించి క్లోరిను కలదు. వేడిచేసినప్పుడు అది ఆమ్లవాయువుగా మారి యంత్రమును తినివేయును, నూనెను చెరుపును. అన్నిటికంటె పెద్ద శత్రువు తడి. కూరగాయల తొక్కలు, అన్నపు మెతుకులు అంటిన కవర్లను వేసినచో, వేడిమిలో చాల భాగము ఆ నీటిని ఇగిర్చుటకే వ్యయమగును.

ఆ తొక్కలకు, మెతుకులకు వేరొక దారి కలదు. అది చూచుటకు బొల్లారమునుండి దూరము పోనక్కరలేదు. బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో హైదరాబాదునందలి భారత రసాయన సాంకేతిక సంస్థవారి పద్ధతిపై ఒక బయోగ్యాసు కేంద్రము నిర్మింపబడెను. రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థమునుండి 500 యూనిట్ల విద్యుత్తు తీయుటకు దానిని ఉద్దేశించిరి. 2021 జనవరిలో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగమున దానిని ప్రస్తావించిరి. అచ్చట పని చేయునవి సూక్ష్మజీవులు. వానికి కుళ్లునది కావలెను, ప్లాస్టిక్కు పనికిరాదు. ప్లాస్టిక్కు పాత్రకు పొడినది కావలెను, కుళ్లునది పనికిరాదు. రెండును ఒకే బుట్టలో పడినచో రెండును చెడును. ఒక్క తొట్టి వలన రెండు ఇంధనములు నష్టమగుచున్నవి.

చలికాలమున నీళ్లకాగు క్రింద పుల్లలతో పాటు కవర్లు వేయు అలవాటు కొన్ని ఇండ్లలో కలదు. ఇది ప్రమాదము. ప్లాస్టిక్కు ఆరుబయట సరిగా కాలదు. మసితో కూడిన పొగ లేచును. అందు పి.వి.సి. ముక్క కలిసినచో డయాక్సినులను విషములును పుట్టును. పొయ్యి ఊదు ఇల్లాలు, ప్రక్కన కూర్చున్న పసివాడు మొదట ఆ పొగను పీల్చుదురు. అట్లే ఇంటివద్ద డబ్బాలో ప్లాస్టిక్కు కాచి నూనె తీయజూచుట ప్రాణాంతకము. వెలువడు వాయువు నిప్పు తగిలినచో ప్రేలును. నిపుణుల యంత్రమున దిగిన నూనెను సైతము శుద్ధి చేయక వాహనములలో పోయరాదు.

ఇంకొక మాట. చెత్త చమురగునని విని కవర్ల వాడుక పెంచుట అవివేకము. ఆ నూనెను కాల్చినప్పుడు వెలువడునది తుదకు భూగర్భ తైలపు బొగ్గుపులుసు వాయువే. గుడ్డసంచితో అంగడికి పోవుట మొదటి మేలు; తిరిగి వాడుట రెండవది; కరిగించి క్రొత్త వస్తువు చేయుట మూడవది; ఏ దారియు లేనిదానిని నూనెగా మార్చుట నాలుగవది. 2016 నాటి ప్లాస్టిక్కు వ్యర్థముల నిబంధనలును, తిరిగి వాడుటకు వీలులేని ప్లాస్టిక్కును రోడ్లకు గాని, శక్తి ఉత్పత్తికి గాని, నూనె తీయుటకు గాని వినియోగింపుడని స్థానిక సంస్థలకు సూచించినవి.

కావున బొల్లారపు ప్రతి గృహమున రెండు బుట్టలుండవలెను. పాలసంచిని ఖాళీ చేసిన వెంటనే తొలిచి దండెముపై ఆరవేయవలెను. గ్రంథాలయ వరండాలో ఒక గోనెసంచి వ్రేలాడదీసి, పత్రికలు చదువవచ్చువారు ఆరిన కవర్లను అందు వేయునట్లు చేసినచో, నెల తిరుగునప్పటికి ఎన్ని కిలోలు పోగగునో త్రాసుపై తూచి బోర్డుపై వ్రాయవచ్చును. ఆ అంకెను చూచి మరుసటి నెలలో దానిని తగ్గించుటకు ప్రతి ఇల్లును పూనుకొనునుగాక!