కావలివాని ఇంట దాగిన దొంగ

సిద్దిపేటలో గొల్లభామ చీరలు నేయు కార్మికునికి క్షయ సోకినదనుకొందము. మందు ఆరంభించిన రెండు నెలలకు దగ్గు తగ్గును, ఆకలి పుట్టును. "ఇక మాత్రలెందుకు?" అను ప్రశ్నయు అప్పుడే పుట్టును.

1882లో రాబర్ట్ కాక్ కనుగొనిన ఈ క్రిమి ఊపిరితిత్తులలో ప్రవేశింపగానే అచ్చటి భక్షక కణములు దానిని మ్రింగును. పెక్కు క్రిములు ఆ కణములలోనే జీర్ణమైపోవును. క్షయక్రిమి మాత్రము తనను మ్రింగిన కణములోనే కాపురము పెట్టగలదు. అచ్చట కొన్ని క్రిములు పెరుగుదల తగ్గించుకొని మందకొడిగా నుండును. వానిని మందులు త్వరగా చంపజాలవు. మరికొన్ని రిఫాంపిసిన్ వంటి మందును బయటకు తోడివేయును. ఈ నేర్పు కణములో చేరిన పిదపనే క్రిమికి అలవడునని బరోడాలో పెరిగిన లలితా రామకృష్ణన్, ఆమె సహచరులు 2011లో వెల్లడించిరి.

అట్లని కణము మనకు శత్రువు కాదు. అది పుట్టించు ఆమ్లము క్రిమిని అణచును. పైరజినమైడు అను మందు ఆమ్లములోనే చక్కగా పనిచేయును. అందుచేత సాధారణ క్షయకు తొలి 2 నెలలు 4 మందులు, పిమ్మట 4 నెలలు 3 మందులు ఇత్తురు.

1956లో మదరాసులో ఆరంభమైన పరిశీలన, ఇంటనుండి మందు తీసికొనినను శానిటోరియములో వలెనే నయమగునని 1959లో నిరూపించినది. అయితే నడుమ మానినచో దాగిన క్రిములు మరల విజృంభించును. మందులకు లొంగనివియు పుట్టవచ్చును.

ఈ మాత్రలు ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా లభించును. డాక్టరు చాలుననువరకు వానిని మానవలదని మన ఇంటివారికి, ఇరుగుపొరుగు వారికి చెప్పుదము.