పొలం ప్లాటైంది... మరి మట్టిలో మందు ఏమైంది?

ఈ ఎపిసోడ్‌లో మన కాళ్ల కింద ఉన్న మట్టి గురించి మాట్లాడుకుందాం.

మన కొడకండ్ల తెలుసు కదా. 2020 అక్టోబర్ 31న రాష్ట్రంలో మొదటి రైతు వేదికను అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఇక్కడే ప్రారంభించారు. పత్తి, వరి పండే నేల మనది. ఇప్పుడు టౌన్ల చుట్టూ చూడండి. నిన్నటి పత్తి చేను ఇవాళ వెంచర్. ఇండ్లు లేచాయి, పెరట్లో పాలకూర, వాకిట్లో పిల్లల ఆట. మరి ఆ చేన్లో ఏండ్ల తరబడి కొట్టిన పురుగుమందు ఎటు పోయింది?

కొంత గాలిలో కలుస్తుంది, కొంత నీళ్లతో పోతుంది, కొంత మట్టిలోని సూక్ష్మజీవులు తినేస్తాయి. మిగిలింది మట్టికి అంటుకునే ఉంటుంది. డీడీటీనే తీసుకోండి. మన దేశంలో సేద్యానికి వాడొద్దని 1989లోనే ఆపేశారు. కానీ మట్టిలో అది సగానికి తగ్గాలంటేనే 2 నుంచి 15 ఏండ్లు పట్టొచ్చు. ఎండోసల్ఫాన్‌ని సుప్రీంకోర్టు ఆపింది 2011లో.

చేను కాని జాగాలో కూడా మందు ఉండొచ్చు. ఇల్లు కట్టేటప్పుడు చెదలు పట్టొద్దని పునాదుల్లో మందు పోస్తారు కదా! దానికి బాగా వాడింది క్లోరోపైరిఫాస్. 2025లో స్టాక్‌హోమ్ ఒప్పందం దేశాలు దీన్ని ప్రపంచమంతా మానేయాల్సిన మందుల లిస్టులో చేర్చాయి, కొన్ని మినహాయింపులతో. ఎందుకంటే ఇది నరాల మీద పనిచేసే మందు. కడుపులో ఉన్న బిడ్డ మెదడు ఎదుగుదలకు ఇబ్బంది అని పరిశోధనలు చెప్తున్నాయి.

అట్లని మట్టి ముట్టుకుంటేనే రోగం వస్తదని కాదు. కొంచెం కొంచెంగా, ఏండ్ల తరబడి ఒంట్లోకి పోవడమే అసలు సమస్య. ముఖ్యంగా చిన్న పిల్లలకి. మట్టిలో ఆడి, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటారు.

"మేం మట్టి టెస్ట్ చేయించినం కదా అన్నా" అంటారా? సాయిల్ హెల్త్ కార్డులో నత్రజని, భాస్వరం, పొటాష్, జింక్ లాంటివి ఉంటాయి. పురుగుమందు అవశేషాలు అందులో ఉండవు. దానికి వేరే ల్యాబ్ కావాలి, ఖర్చు కూడా ఎక్కువే.

అందుకే ఇంట్లో ఈ పనులు చేయండి:

ఒకటి, ప్లాటు కొనేముందు అక్కడ ఇదివరకు ఏం పండించారో పక్క రైతుని అడగండి.

రెండు, అనుమానం ఉంటే ఆకుకూరలు కుండీల్లో, వేరే మంచి మట్టి, పశువుల ఎరువు కలిపి పెంచండి. క్యారెట్, ముల్లంగి తొక్క తీసి వండండి.

మూడు, చెప్పులు బయటే విడవండి. తడిగుడ్డతో తుడవండి. పిల్లలు తినేముందు సబ్బుతో చేతులు కడిగించండి.

నాలుగు, స్ప్రే పంపు బోరు దగ్గర, నల్లా దగ్గర కడగొద్దు. ఖాళీ మందు డబ్బాల్లో నీళ్లు పట్టొద్దు.

మందు లేకుండా పంటలు పండవు అనేటోళ్లకి ఒక్క మాట. మన జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలో ఏనెబావి అనే ఊరుంది. సుమారు 20 ఏండ్ల కిందనే ఊరంతా కలిసి రసాయన మందులు, ఎరువులు మానేసి సేద్యం చేసి చూపించింది. ఇవాళ కొట్టని మందు రేపు మన పిల్లల మట్టిలో ఉండదు.

మీ ఇల్లున్న జాగాలో ఇదివరకు ఏ పంట ఉండేది? ఇంట్లో పెద్దోళ్లని అడిగి కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటా!