వీపుసంచియు, ఊయలపడకయు
(పాఠశాల వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



కొండలయందు కాలినడకను తిరిగి రాత్రులు అచ్చటనే గడుపువారికి ఎట్టి సామగ్రి కావలెను, ఉన్న సామగ్రిని క్రమముగా ఎట్లు మెరుగుపరచుకొనవలెను అను విషయమును గూర్చి మాటాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. వార్షికోత్సవమున ఇట్టి విషయమేమని పెద్దలు కొందరు అనుకొనవచ్చును. కారణము చెప్పెదను. గత శీతకాలమున మన పై తరగతుల విద్యార్థులు మహేంద్రగిరి యాత్రకు ఉత్సాహపడిరి. ఏర్పాట్లు చేయుటకు ఒప్పుకొనిన సంస్థవారు ముందుగా ఒక పట్టికను పంపిరి. కాగితమునకు రెండు వైపుల నిండుగ వస్తువులు, ప్రతి వస్తువు ప్రక్కను కంపెనీ పేరు. తలిదండ్రులు లెక్క వేసికొనిరి. మరునాటినుండి పిల్లలు ఒకరి వెనుక ఒకరు, జ్వరమనియు, ఇంట పెండ్లియనియు చెప్పి తప్పుకొనిరి. జ్వరమును లేదు, పెండ్లియు లేదు. ఆ సంగతి ఈ సభలో కూర్చున్న పలువురకు తెలియును. మన బరంపురమునకు పొరుగు జిల్లాలో ఉన్న కొండను చూచుటకు వీపుసంచి ధర అడ్డు వచ్చెనన్నమాట. ఆ పట్టికలో సగము అనవసరమని నా అభిప్రాయము. తక్కిన సగములో చాలభాగము మన ఇండ్లలోనే దొరకును, లేదా మన వీథి దర్జీ కుట్టగలడు. ఆ మాట నిలబెట్టుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

గజపతి జిల్లాలోని మహేంద్రగిరి 1501 మీటర్ల ఎత్తు గలది. శివరాత్రికి దానిని ఎక్కు యాత్రికులను చూడుడు. భుజమున ఒక సంచి, చేత కఱ్ఱ, చంకలో ఒక కంబళి. ఐనను ఒక భేదము గలదు. వారు ఒక్క రాత్రి జనసమూహము నడుమ జాగరణము చేయుదురు. మనము రెండు మూడు రాత్రులు నిద్రింపవలెను. నిద్ర చెడినవాడు మరునాడు కొండదారిని తడబడును. కావున సామగ్రిని గూర్చిన ఆలోచన యంతయు ముందుగా నిద్రను గూర్చినదై యుండవలెను. దుకాణములవారు దీనికి తలక్రిందుగా, మొదట సంచిని అమ్ముదురు.

అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అను వృద్ధురాలు 1955లో, తన 67వ ఏట, అపలాచియన్ కాలిబాటను మొదలునుండి తుదివరకు ఒంటరిగా నడిచెను. అది రెండువేల మైళ్ళకు పైబడిన దారి. తాను కుట్టుకొనిన గుడ్డసంచి భుజమున, కాళ్ళకు కాన్వాసు బూట్లు, వానకు స్నానపు గదిలో కట్టు ప్లాస్టికు తెర. ఇదియే ఆమె సరంజామా. మన జోలెకును ఆ సంచికిని పెద్ద భేదము లేదు. ఐతే ఆమెను సంపూర్ణముగా అనుకరింపుమని నేను చెప్పను. దారిలో ఎందరో ఆమెకు అన్నము పెట్టి పడుకొన చోటిచ్చిరి; మన అడవులలో ఆ సదుపాయము అన్నిచోట్ల ఉండదు. ఆమె వలన గ్రహింపదగినది ఒక్కటి: తక్కువ వస్తువులతో బయలుదేరుట సాధ్యమే.

మొదట కొనవలసినది త్రాసు. కిరాణా దుకాణమున తూచి తెచ్చుకొనినను చాలును. ఎదుగుచున్న పిల్లలు తమ శరీరపు బరువులో అయిదవవంతునకు మించి మోయరాదు. 50 కిలోల పిల్లవానికి 10 కిలోలు మేర. అందులో రెండు లీటర్ల నీరు రెండు కిలోలు. మూడు దినముల ఆహారము మరి రెండు కిలోలు. మిగిలినవి ఆరు. పడక, పైకప్పు, బట్టలు, దీపము, మందులు, సంచి స్వంత బరువు, అన్నియు ఈ ఆరింటిలోనే ఇమిడిపోవలెను. వస్తువు పేరు, ప్రక్కను దాని బరువు గ్రాములలో, ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు. ఒక్కమారు వ్రాసినచో ఏది అనవసరమో ఎవ్వరును చెప్పనక్కరలేదు.

ఇక పడక. ఇంగ్లీషున హేమక్ అనుదానిని నేను ఊయలపడక యందును. 1492లో కొలంబస్ చేరిన దీవులలోని జనులు చెట్లకు కట్టిన వలలయందు నిద్రించుచుండిరి. వారు ఆ పడకకు పెట్టుకొనిన పేరే హేమక్ అయినది. మనకు మాత్రము అది క్రొత్తయా? ఈ సభలోని ప్రతివాడును మొదట నిద్రించినది తల్లి చీరతో కట్టిన ఊయలలోనే గదా! తడినేల, రాళ్ళు, వాలు, జలగలు, తేళ్ళు గల మన కొండలలో నేలపై గుడారము వేయుటకంటె ఇది పలుమారులు మేలు. ధరయు తక్కువ. కాని చెట్లు లేని పచ్చికబయళ్ళయందు ఇది వట్టి గుడ్డపీలిక. కావున పోవు చోటు ఎట్టిదో తెలిసికొనకుండ పడకను ఎన్నుకొనరాదు.

దీనిని మనమే తయారుచేసికొనవచ్చును. అయిదడుగుల వెడల్పు, పదునొకండడుగుల పొడవు గల గట్టి నైలాను గుడ్డ చాలును. నేతగాండ్ర పిల్లలు మనలో చాలమంది గలరు. వారికి నేనేమి చెప్పుదును! పడుగునను పేకనను కొంత దూరమున కొకటిగా లావు పోగు వేసి నేసిన నైలాను దొరకును. అందు చిన్న చిన్న గళ్ళు కనబడును. చిరుగు పుట్టినను ఆ గడి దగ్గర ఆగిపోవును. గుడ్డ రెండు కొసలను గొట్టముగా మడచి రెండు మూడు వరుసలు గట్టిగా కుట్టించి, అందు త్రాడు దూర్చి దగ్గరకు లాగినచో పడక సిద్ధము. ఒక కొసనుండి రెండవ కొసకు పైన తొమ్మిదడుగుల సన్నత్రాడు ఒకటి బిగించుడు. చెట్లు దగ్గర నున్నను దూరమున నున్నను ఆ త్రాడు ఉన్నందువలన పడకలోని వంపు మారదు. దోమతెరను దానిపై వేయవచ్చును.

కట్టుటయందు కొంత లెక్క కలదు. పై తరగతులవారు కాగితముపై వేసి చూచుకొనుడు. మనుష్యుని బరువు 60 కిలోలు. కట్టిన పట్టీ అడ్డముగీతకు 30 డిగ్రీల వాలున దిగినచో ఒక్కొక్క పట్టీపై పడు లాగుడు సరిగా 60 కిలోలే. పడక బల్లవలె చదునుగా నుండవలెనని బిగలాగి 10 డిగ్రీలకు తెచ్చినచో అది సుమారు 173 కిలోలగును. త్రాళ్ళు తెగుటయు, కుట్లు ఊడుటయు ఇట్లే జరుగును; నింద మాత్రము గుడ్డపై పడును. వదులుగా కట్టి, నడిమి రేఖకు కొంచెము ఐమూలగా పడుకొనవలెను. అట్లు పడుకొనినప్పుడు వీపు వంగదు. "హేమకులో నడుము నొప్పి" అని వాపోవువారిలో పెక్కురు అరటికాయవలె నిలువున పడుకొనువారే.

చెట్టు తొడకంటె లావుగా, పచ్చిగా నుండవలెను. పైకి చూచి ఎండుకొమ్మ లేదని నిశ్చయించుకొనవలెను. కొబ్బరిచెట్లకు కట్టుట సినిమాలలో అందముగా నుండును, తలపై కాయ పడువరకు. సన్నత్రాటితో చెట్టును కట్టరాదు. చెట్టు తాను వండుకొనిన ఆహారమును బెరడు క్రింది పొరలద్వారా దించుకొనునని మీరు వృక్షశాస్త్రమున చదివితిరి. కోసికొనిపోవు త్రాడు దానికి ఉరియే. రెండంగుళముల వెడల్పు పట్టీలు వాడుడు. కూర్చున్నప్పుడు పడక నేలకు అడుగున్నర ఎత్తున నుండిన చాలును. క్రింద రాయి ఉండరాదు. అటవీశాఖవారి అనుమతి ముందుగా పొందవలెను. ఏనుగులు నడచు దారులు ఎవ్వియో సమీప గ్రామస్థులను అడిగి తెలిసికొనక పడకను కట్టనే కట్టరాదు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. ఊయలపడకలో చలి పైనుండి రాదు, క్రిందినుండి వచ్చును. దుప్పటి మనలను వెచ్చగా నుంచుట దానిలో నిలిచిన గాలివలన. ఆ దుప్పటిని వీపు క్రింద వేసి నలిపితిమా, గాలి పోయి, మిగిలినది ఉత్త గుడ్డ. దానికి తోడు పడక అడుగున గాలి ఆడుచుండును. వేయి మీటర్లు ఎక్కినచో వేడిమి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గునని లెక్క. అనగా బరంపురమున 18 డిగ్రీలు గల రాత్రి, మహేంద్రగిరి శిఖరమున 8, 9 డిగ్రీలు ఉండవచ్చును. వేలకు వేలు పోసి స్లీపింగు బ్యాగు కొనినవాడు వీపు గడ్డకట్టి తెల్లవార్లు కూర్చుండును; ప్రక్కవాడు నాలుగైదు వందల గ్రాముల బరువుగల మూసిన బుడగల ఫోము చాపను క్రింద వేసికొని గురకపెట్టును. ఆ చాప నలగదు, తడియదు. కొంతకాలమునకు దానికి బదులుగా, పాత పాలియెస్టరు రజాయిని చిన్నదిగా కత్తిరించి, అంచులకు సాగెడు ఎలాస్టికు త్రాడు కుట్టించి, పడక వెలుపల అడుగున వ్రేలాడగట్టుడు. వీపు దానిని నలుపదు గనుక గాలి నిలుచును. ఇంతకంటె చౌకయైన మెరుగుదల వేరొకటి నాకు తెలియదు. బాతు ఈకలు నింపిన ఖరీదు సరుకు తేలికయే, వెచ్చనిదే; కాని తడిసినచో ముద్దయై పనికిరాకుండ పోవును. మంచు కురియు మన తడికొండలలో క్రొత్తవారికి దానిని నేను సిఫారసు చేయను. మన గొంగళి తడిసినను కొంత వెచ్చదనము నిలుపుకొనును గాని, దాని బరువు మోయువానికే తెలియును.

దోమతెరను బరువని వదలుకొనువారు కలరు. ఈ ఒక్క విషయమున నేను కఠినముగా మాటాడెదను. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ కనుగొనినది 1897లో, మన తెలుగుదేశపు సికింద్రాబాదులోనే. మన ప్రాంతపు కొండలలో ఆ మన్యపు జ్వరము పూర్వముకంటె చాల తగ్గినదేగాని అంతరింపలేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, సవరల భాష నేర్చుటకై ఈ కొండలలో తిరిగిన గిడుగు రామమూర్తి పంతులుగారికి మలేరియా సోకెను. దానికై పుచ్చుకొనిన క్వినైను వలన వారికి చెవుడు వచ్చెను. భాషను చెవితో పట్టుకొని వ్రాయవలసిన పండితునకు అది ఎంతటి నష్టమో ఊహింపుడు. (వ్యావహారికమునకై పోరాడిన వారి పేరును నేనిట్లు గ్రాంథికమున తలచుట చూచి వారు నవ్వుకొందురేమో!) ఊయలపడక గుడ్డ పలుచన, దోమ అడుగునుండి కూడ కుట్టగలదు. తెర పైన కప్పిన చాలదు. అడుగున చాపయో రజాయియో ఉండవలెను, లేదా తెర పడకను చుట్టును క్రిందను కప్పవలెను. జ్వరము వచ్చినచో తిరిగివచ్చిన తరువాత నైనను రక్తపరీక్ష చేయించుకొనుడు, అడవికి పోయివచ్చితిమని వైద్యునకు చెప్పుడు.

వాన సంగతి క్లుప్తముగా. పడకకంటె రెండడుగులు పొడవైన పైకప్పు గుడ్డ కావలెను. వాననీరు చెట్టునుండి పట్టీ వెంబడి జారి పడకలోనికే వచ్చును. పట్టీకి పడకకు ఇవతల జానెడు నూలుత్రాడు వ్రేలాడగట్టినచో నీరు దానివెంట నేలకు కారిపోవును. వంటను గూర్చి అసలు చెప్పను. అటుకులు, బెల్లము, వేరుశనగపప్పు తెలిసిన జాతికి పొయ్యి ఎందులకు? తలకు కట్టుకొను ఎల్‌ఇడి దీపము ఒకటి, దానికి మారు బ్యాటరీలు. కాళ్ళకు అలవాటైన బూట్లు. యాత్రకు ముందునాడు కొనినవి కావు.

అన్నియు కూర్చిన తరువాతనే సంచి. ముందుగా కొనినచో పెద్దదే కొందుము; పెద్దసంచి ఖాళీగా నుండనొల్లదు, ఏదో ఒకటి నింపించుకొనును. వీపుసంచి గుణము దాని జేబుల లెక్కలో లేదు, నడుము పట్టీలో నున్నది. బరువులో అధికభాగము తుంటి ఎముకలపై నిలువవలెను, భుజములపై కాదు. తల వంచినప్పుడు మెడవెనుక పైకి పొడుచు ఎముకనుండి తుంటి పై అంచుల ఎత్తువరకు టేపుతో కొలిపించుకొనుడు. సంచి వీపు ఆ కొలతకు సరిపోవలెను. పొడుగువాడైనను వీపు పొట్టిగా నుండవచ్చును. కనుక ఎత్తును చూచి కొనరాదు. దుకాణమున ఖాళీసంచి తగిలించుకొని అద్దమున చూచుకొనుట కాలహరణము. ఎనిమిది కిలోల బియ్యము వేయించి మెట్లు ఎక్కి దిగి చూడుడు.

ఇక మెరుగుపరచుట. యాత్రనుండి తిరిగివచ్చిన దినమే వస్తువులను మూడు కుప్పలు పోయుడు: ప్రతిదినము వాడినవి, ఒక్కమారు వాడినవి, ముట్టనివి. మందులు, వానగుడ్డ మినహాగా మూడవ కుప్ప ఇంటనే ఉండవలెను. అటుపై నోటుపుస్తకము తెరచి, నిద్ర చెఱచినది ఏది, తడిపినది ఏది, అన్నిటికంటె బరువైనది ఏది అని చూచి, ఆ వరుసనే, ఒక్కమారు ఒక్క వస్తువునే మార్చుకొనుడు. క్రొత్త వస్తువుతో రెండు రాత్రులైనను గడుపక ఇంకొకటి కొనరాదు. టూత్‌బ్రష్ కఱ్ఱను విరిచి బరువు తగ్గించువారు కలరు. వారి సంచిలో రెండు కిలోల అనవసరపు బట్టలుండును.

మన సంఘమువారు ఈ సంవత్సరము యాత్రకు కంపెనీ పేర్లు లేని పట్టికనే ఇచ్చుటకు అంగీకరించిరి. ఊయలపడకలకు గుడ్డ తానుగా తెప్పించి, పిల్లలకు కొన్న వెలకే ఇత్తురు. కుట్టుటకు ఇద్దరు దర్జీలు ఒప్పుకొనిరి. పూర్వ విద్యార్థులు ఇంట మూలబడియున్న సంచులను తెచ్చి ఇచ్చినచో పాఠశాల గదిలో భద్రపరచి, కావలసినవారికి యాత్రకొరకు ఎరువు ఇచ్చెదము. వచ్చు ఆదివారము ఉదయము ఏడు గంటలకు ఆటస్థలము ప్రక్క వేపచెట్ల క్రిందికి రండు. ఇంట ఏ సంచి యున్నదో దానినే నిండ సర్దుకొని తెండు. టేపును, త్రాసును నేను తెచ్చెదను.